ఒంటికన్ను రాకాసి, తల లేని ఎముకలు

ఉబిసాఫ్ట్ 2018లో విడుదల చేసిన ‘అసాసిన్స్ క్రీడ్ ఒడిస్సీ’ ఆటలో బ్రాంటీస్ అని ఒక రాకాసి ఎదురవుతాడు. కొండంత ఒళ్లు, నుదుటి మీద ఒకటే కన్ను. ఇతను సైక్లోప్స్ జాతివాడు. 2002 నాటి ‘ఏజ్ ఆఫ్ మైథాలజీ’లో ఈ జాతివాడే సైనికులను ఎత్తి అవతల పారేసేవాడు. 2005లో వచ్చిన ‘గాడ్ ఆఫ్ వార్’ కూడా వీళ్లను వదల్లేదు. 2,600 మెగావాట్ల ఎన్టీపీసీ పొగగొట్టాలు కనపడే రామగుండంలో కూర్చుని ఈ ఆటలు ఆడే కుర్రాడికి, ఈ రాకాసి కథ తన గోదావరి లోయ దాకా వస్తుందని చెబితే నమ్మకపోవచ్చు.

గ్రీకుల్లో సైక్లోప్స్ రెండు రకాలు. హెసియడ్ చెప్పిన ముగ్గురు అన్నదమ్ములు బ్రాంటీస్, స్టెరోపీస్, ఆర్గీస్ కమ్మరులు. జ్యూస్ దేవుడికి పిడుగును ఇచ్చింది వీళ్లే. హోమర్ ‘ఒడిస్సీ’లోని పాలిఫీమస్ గొర్రెల కాపరి, గుహలో ఉంటాడు, మనుషుల్ని తింటాడు. ఒడిస్యూస్ అతనికి ద్రాక్షసారా తాగించి, ఆలివ్ దుంగను కాల్చి కంట్లో పొడిచి తప్పించుకుంటాడు.

ఇలాంటి ఆకారం ఎవరి ఊహకైనా ఎలా వచ్చింది? ఒథీనియో ఆబెల్ అనే ఆస్ట్రియా శాస్త్రవేత్త 1914లో ఒక జవాబు చెప్పాడు. సిసిలీ దీవి గుహల్లో పొట్టి ఏనుగుల శిలాజాలు దొరుకుతాయి. పెద్దదైనా మీటరు ఎత్తుకు అటూ ఇటూ, మన మేకపోతు కంటే కాస్త ఎక్కువ. ఏనుగు పుర్రెకు కళ్ల గుంతలు పక్కలకు ఉండి పెద్దగా ఆనవు. తొండం మొదలయ్యే చోట మాత్రం నడిమధ్యన పెద్ద రంధ్రం ఉంటుంది. ఏనుగును ఎన్నడూ చూడని నావికుడి చేతికి ఆ పుర్రె దొరికితే ఒంటికన్ను మనిషి తలే అనుకుంటాడన్నది ఆబెల్ మాట. ముచ్చటైన వాదమే. కానీ ఏనుగు పుర్రెను చూసి సైక్లోప్స్ అనుకున్నామని ఏ ప్రాచీన గ్రీకు రచయితా రాయలేదు. ఆ పొట్టి ఏనుగుకు శాస్త్రనామంలో హ్యూ ఫాల్కనర్ పేరు పెట్టారు. మన శివాలిక్ కొండల్లో రాకాసి తాబేళ్ల ఎముకలు తవ్వి తీసినవాడు కూడా ఆయనే.

మరి మన లోయలో? 1871లో ఇల్లందు ప్రాంతపు బొగ్గును గుర్తించిన భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగే, 1881లో ప్రాణహిత–గోదావరి లోయ రాళ్ల చరిత్రను గ్రంథస్థం చేశాడు. ఆ రాళ్లలో ఎముకలున్న సంగతి అప్పటికే తెలుసు. అసలు భారీ ఎముకలు మాత్రం 1958 నుంచే బయటపడ్డాయి. కలకత్తాలోని భారత గణాంక సంస్థలో భూగర్భ విభాగం పెట్టాలని దాని వ్యవస్థాపకుడు మహలనోబిస్ బ్రిటిష్ శాస్త్రవేత్త పమేలా రాబిన్సన్‌ను పిలిపించారు. లెక్కల సంస్థకు రాకాసిబల్లులతో పనేమిటని ఆ రోజుల్లో ఎవరైనా నవ్వుకుని ఉంటారు. అప్పటి ఆదిలాబాద్ జిల్లా పోచంపల్లి దగ్గర ఆ సంస్థ బృందానికి సుమారు 300 ఎముకలు దొరికాయి, కనీసం ఆరు జంతువులవి. ఒక్క తొడ ఎముకే 1.7 మీటర్లు. ఆ డైనోసార్‌కు 1975లో ‘బారాపాసారస్ టాగోరై’ అని పేరు పెట్టారు. బెంగాలీలో ‘బారా పా’ అంటే పెద్దకాలు, దానికి రవీంద్రుడి పేరు తోడైంది. అదే జిల్లా యామన్‌పల్లిలో భారత భూగర్భ సర్వే 840 ఎముకలు తీసింది. పి.యాదగిరి 1988లో ఆ జంతువుకు ‘కోటాసారస్’ అని నామకరణం చేశారు. తొమ్మిది మీటర్ల ఆ అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబడి ఉంది.

చిత్రమేమిటంటే, రెండింటికీ పుర్రె దొరకలేదు. కొన్ని పళ్లు తప్ప తలభాగం లేదు. ఈ జాతి జంతువుల పుర్రె తేలిక, మెడకు గట్టిగా అతికి ఉండదు. బారాపాసారస్ ఎముకలు వరదకు కొట్టుకొచ్చిన మానులతో కలగలిసి దొరికాయి. తలలు ఏ ప్రవాహంలో పోయాయో! ఆబెల్ వాదానికి ప్రాణం పుర్రె. మన రాకాసులకు ఉన్నదల్లా మొండెం.

తల లేని రాకాసి అనగానే తెలుగువాడికి గుర్తొచ్చేది కబంధుడే. వాల్మీకి అతణ్ని దండకారణ్యంలో పెట్టాడు. ఇంద్రుడి వజ్రాయుధం దెబ్బకు తల ఒంట్లోకి దిగిపోయింది, కడుపులో నోరు, రొమ్ము మీద ఒకే ఒక్క కన్ను, ఆమడ పొడవు చేతులు. గ్రీకు ఒంటికన్నువాడు పిడుగు చేసి ఇస్తే, మనవాడు పిడుగు దెబ్బకు ఒంటికన్నువాడయ్యాడు. రాముడు నడిచిన చోటని రామగుండంలో రామునిగుండాలను చూపిస్తారు కూడా. ఎముకలనూ కబంధుణ్నీ ముడేయాలని నాకూ నోరూరింది. ఆధారం లేదు కనుక ముడేయను.

ఇక్కడే ఇంకో చిక్కు. బొగ్గుబాయిలో డైనోసార్ దొరుకుతుందా అని పిల్లలు అడుగుతుంటారు. దొరకదు. రామగుండం పక్కనున్న గోదావరిఖని బొగ్గు పర్మియన్ కాలానిది, 25 కోట్ల ఏళ్లు దాటింది. డైనోసార్లు ఆ తర్వాత పుట్టాయి. పై ఎముకలు దొరికిన పొరలను కోటా రాళ్లంటారు, వాటిలోని రాకాసులు ఇంకా తర్వాతివి, దాదాపు 18 కోట్ల ఏళ్లవి. బొగ్గుపొరల మధ్య రాతిలో కనిపించేది గ్లోసాప్టెరిస్ ఆకుల అచ్చు.

బాయి పనివాళ్లకు నచ్చే వాదం మరొకటి ఉంది. నుదుటి దీపమే ఒంటికన్ను అని. అగథార్కిడీస్ రాసిందని డయోడోరస్ చెప్పినదాని ప్రకారం, ఈజిప్టు సరిహద్దు బంగారు గనుల్లో బానిసలు నుదుటికి దీపాలు కట్టుకుని రాయి కొట్టేవారు. నడుముకు బ్యాటరీ, టోపీకి లైటు పెట్టుకుని చీకట్లో ఎదురొచ్చే మనిషిని గనిలోకి దిగే ఇంక్లైన్‌లో చూసినవాళ్లకు ఇది ఇట్టే రుచిస్తుంది. హెసియడ్ కమ్మరులకు సరిపోవచ్చు కూడా, లోహం భూమిలోంచి రావాల్సిందే కదా. గొర్రెలు కాసే పాలిఫీమస్‌కు దీపంతో ఏం పని? ‘ఒడిస్సీ’ ఆట తయారుచేసినవాళ్లు ఈ తగువులోకే దిగలేదు. పేరు కమ్మరిది తీసుకున్నారు, కొట్లాట కాపరిది తీసుకున్నారు.