వైఫై రూటర్: రీసెట్ నొక్కే ముందు ఇవి చూసుకోండి!

జూలూరుపాడు (భద్రాద్రి కొత్తగూడెం జిల్లా) లాంటి మండలాల్లో ఫైబర్ తెగిందంటే, రూటర్ సెట్టింగ్స్ ఎన్ని మార్చినా నెట్ రాదు. బాక్స్‌పై ఎల్‌ఓఎస్ లైట్ ఎర్రగా వెలుగుతుంటే లైన్‌లో సిగ్నల్ లేనట్టే. ఆపరేటర్‌కు ఫోన్ చేయాల్సిందే.

ఆ లైట్ వెలగకపోయినా నెట్ రావట్లేదా? ఇలా చేయండి:

• ఫోన్‌ను వైఫైకి కలిపి, బ్రౌజర్‌లో 192.168.1.1 కొట్టండి. చాలా రూటర్లకు అడ్రస్, లాగిన్ వివరాలు కింద స్టిక్కర్‌పైనే ఉంటాయి.
• వ్యాన్ సెట్టింగ్స్‌లో ఆపరేటర్ ఇచ్చిన పీపీపీఓఈ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ సరిచూడండి.
• అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చండి. సెక్యూరిటీ డబ్ల్యూపీఏ2 లేదా డబ్ల్యూపీఏ3 పెట్టండి.
• గోడలు దాటాలంటే 2.4 గిగాహెర్ట్జ్, దగ్గర్లో స్పీడ్ కావాలంటే 5 గిగాహెర్ట్జ్.

రీసెట్ బటన్ నొక్కి పట్టుకుంటే ఈ వివరాలన్నీ చెరిగిపోతాయి. మళ్లీ ఎక్కించేదాకా ఇంట్లో నెట్ బంద్! అందుకే పీపీపీఓఈ వివరాలు ఆపరేటర్‌ను అడిగి ముందే రాసిపెట్టుకోండి.