బొమ్మ ఇంట్లో ముందు వెలిగిన దీపం

మా ఫ్లాట్‌లో డైనింగ్ టేబుల్ సగభాగం మూడు నెలలుగా క్రీ.శ. 2504లో ఉంది. సంవత్సరం నేను పెట్టింది కాదు. సింగీతం శ్రీనివాసరావు ‘ఆదిత్య 369’ (1991)లో కాలయంత్రం వెళ్లిన భవిష్యత్తు అది. ఊరు మాత్రం మాదే. చిలకలూరిపేట వైపు నల్లరేగడి, ఎర్రగా మిరపకాయలు ఆరబోసిన కల్లం, కల్లం మధ్యలో దిగిన వ్యోమనౌక, పక్కన పద్నాలుగు ఇళ్లు. స్కేలు 1:72. అంటే మనిషి ఎత్తు రెండున్నర సెంటీమీటర్ల లోపే.

ఇంటికో ఎల్ఈడీ. 0402 అనే సైజు. పొడవు ఒక మిల్లీమీటరు, వెడల్పు అర. మిరప గింజే దీనికంటే పెద్దది. వెంట్రుకంత రాగితీగను దానికి సోల్డర్ చేసేటప్పుడు గట్టిగా ఊపిరి వదిలితే ఎగిరిపోతుంది. అలా రెండు పోయాయి. డేటాషీట్ ప్రకారం 20 మిల్లీఆంపియర్ల దాకా ఇవ్వొచ్చు. ఇచ్చి చూస్తే అవి కిటికీల్లా లేవు, లారీ హెడ్‌లైట్లలా ఉన్నాయి. ఐదు వోల్టులకి ఒక కిలో ఓమ్ రెసిస్టర్ పెట్టి 2 మిల్లీఆంపియర్లకు దించాను. గోడల్లోంచి వెలుతురు బయటికి రాకుండా లోపల నల్లరంగు పూశాను. అన్నీ ఒకేసారి వెలిగించి, గొప్పగా ఊళ్లో ఉన్న నాన్నకి వీడియో కాల్ చేశాను.

నాన్న చాలాసేపు చూశాడు. “బానే ఉంది గానీ, ఏంది అబ్బాయ్, ఊరంతా ఒక్కసారే మేలుకున్నట్టుంది?” అన్నాడు.

ఆ ప్రశ్న నన్ను వెనక్కి, 1957లోకి తీసుకెళ్లింది.

ఆ ఏడాది మార్చి 27న విడుదలైన ‘మాయాబజార్’ కోసం మద్రాసులో ద్వారకానగరాన్ని బొమ్మగా కట్టారు. 50 అడుగులకు 60 అడుగుల జాగాలో దాదాపు 300 ఇళ్లు. వీధులతో కలిపి లెక్కేసినా ఇంటికి సగటున పది చదరపు అడుగులు. దర్శకుడు కె.వి. రెడ్డి పట్టుబట్టడంతో ప్రతి ఇంటికీ విడిగా కరెంటు దీపం అమర్చారు. బయటి నుంచి ఓ పెద్ద లైటు కొట్టి సరిపెట్టుకోవచ్చు. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్‌ట్లీ చేతిలో వెన్నెలే స్టూడియోలో పుట్టిన సినిమా అది. అయినా ఇల్లు లోపలి నుంచే వెలగాలన్నారు. బయట వెలుతురు పడితే గోడ కనిపిస్తుంది. లోపల దీపం ఉంటేనే గోడ వెనక ఎవరో ఉన్నారనిపిస్తుంది.

నాకున్న సౌకర్యం వాళ్లకి లేదు. కంటికి కనిపించే ఎర్రటి ఎల్ఈడీని నిక్ హొలోన్యాక్ తయారుచేసింది 1962లో. తెల్లటి వెలుగుకి ఆధారమైన ప్రకాశవంతమైన నీలం ఎల్ఈడీ రావడానికి 1990ల దాకా ఆగాలి. 1957లో ఉన్నది ఫిలమెంటు బల్బు. తీసుకున్న కరెంటులో ఎక్కువ భాగాన్ని వేడిగా మార్చే వస్తువు. దాన్ని బొమ్మ ఇంట్లో పెట్టడమంటే ఇంటిని కాపాడుకుంటూ వెలిగించడమే.

ఆ ద్వారకకి కళాదర్శకులు మాధవపెద్ది గోఖలే, కళాధర్. గోఖలేది గుంటూరు జిల్లా బ్రాహ్మణకోడూరు. చిత్రకారుడు, ‘మా. గోఖలే’ పేరుతో పల్లె మనుషుల కథలు రాసిన రచయిత. నిర్మాత చక్రపాణిది తెనాలి. అంటే ఆ దీపాల నగరం వెనక ఉన్నవాళ్లలో కొందరు రాత్రైతే చీకటిపడే మా డెల్టా పల్లెలు తెలిసినవాళ్లే.

చీకటిపడే అన్నది అలంకారం కాదు. మాచ్‌ఖండ్‌లో విద్యుదుత్పత్తి మొదలైంది 1955లో. నాగార్జునసాగర్‌కి నెహ్రూ శంకుస్థాపన చేసింది అదే ఏడాది డిసెంబరు 10న. మా ఊరికి కరెంటు రావడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. మా నాయనమ్మ ‘మాయాబజార్’ చూసింది టూరింగ్ టాకీసులో, డీజిల్ ఇంజన్ చప్పుడు మధ్య, నేల మీద కూర్చుని. ఘటోత్కచుడి భోజనం గురించి అందరూ చెప్పుకుంటారు కదా, ఆవిడ మాత్రం “ఇంటింటికీ దీపం ఉంది రా ఆ ఊళ్లో” అనేది. ఇంటికొచ్చి కిరసనాయిలు బుడ్డి వెలిగించుకుందట. చిన్నప్పుడు ఆ మాట విని నవ్వేవాణ్ణి. ఇప్పుడు నవ్వు రావట్లేదు. ఆవిడ ఇంట్లో కంటే ముందు కరెంటు బొమ్మ ఇంట్లోకొచ్చింది. మాకు ద్వారక పురాణం. ఆవిడకది సైన్స్ ఫిక్షన్.

కోటప్పకొండ ప్రభల్ని కూడా నేనిప్పుడు అలాగే చూస్తున్నాను. మహాశివరాత్రికి కావూరు, పురుషోత్తమపట్నం లాంటి ఊళ్ల నుంచి కొండ కిందికి విద్యుత్ ప్రభలు కదిలొస్తాయి. కొన్ని ఎనభై, తొంభై అడుగుల ఎత్తు. కరెంటుని జనరేటర్ రూపంలో వెంటబెట్టుకునే వస్తాయి. మా నాన్న కుర్రతనంలో ఆ చట్రాలెక్కి బల్బులు బిగించినవాడు. బల్బుల పరుగు ఎలా పెట్టేవాళ్లో చెప్పాడు. ఒక చెక్క డ్రమ్ము, దాని మీద అక్కడక్కడా రాగిరేకులు, తిప్పడానికి చిన్న మోటారు. రేకు తగిలిన వరస వెలుగుతుంది, దాటగానే ఆరుతుంది. రేకుల వరస మారిస్తే డిజైన్ మారుతుంది. నేను ఇంజనీరింగ్‌లో నాలుగేళ్లు కూర్చుని నేర్చుకున్న ప్రోగ్రామింగ్‌ని ఆయన మేకులతో కొట్టి చేశాడు. పంట పోయిన ఏడాది కూడా చందా వేసుకుని ప్రభ కట్టారట. ఇదివరకు అది దుబారా అని వాదించేవాణ్ణి. ఊళ్లో దీపాలు మినుకుమినుకుమంటున్న రోజుల్లో ఏడాదికో రాత్రయినా తమ పేరు మీద వెయ్యి బల్బులు వెలగాలనుకోవడాన్ని ఏమనాలో నాకిప్పుడు అంత సులువుగా తేలడం లేదు.

యువకుడిగా కె.వి. రెడ్డి దగ్గర సహాయకుడిగా పనిచేసినవాడే ‘ఆదిత్య 369’ తీసిన సింగీతం. ద్వారక నుంచి 2504కి దారి అంత దగ్గర.

నాన్న చెప్పింది విన్నాక కోడ్ మార్చాను. ఇప్పుడు ఇళ్లు ఒకదాని తర్వాత ఒకటి, వేళ తప్పి వెలుగుతాయి. రెండు అసలు వెలగవు. చివరి ఇంట్లో తెల్ల ఎల్ఈడీ తీసేసి నారింజ రంగుది పెట్టి, బుడ్డి మంటలా వణికేట్టు రాశాను. అది నాయనమ్మ ఇల్లు.

మళ్లీ కాల్ చేశాను. నాన్న ఆ ఇంటిని వెంటనే పట్టేశాడు.

“2504లో కూడా కరెంటు పోద్దా అబ్బాయ్?”