నారికురుపు – దిగుడుబావి

నల్లగొండ, మహబూబునగరు సీమలలో డెబ్బది యేండ్లు దాటిన పెద్దల సరసన కూర్చుండి పాతకాలపు ముచ్చట్లు కదలించినచో, వారిలో ఒకరిద్దరు పంచె పైకి లాగి మోకాటి దిగువనున్న మచ్చను చూపుట కద్దు. నాణెమంత మచ్చ, నున్నగా మెరయుచుండును. గ్రామీణ కార్యక్రమముల నిమిత్తము తిరుగునపుడు మేమిట్టి మచ్చలను పలుమార్లు చూచితిమి. కాలిపుండును గూర్చి చెప్పుకొనుట కేమున్నదని మొదట పట్టించుకొనలేదు. ఒక వృద్ధుడు మాత్రము, "మా అన్నకు తెగింది బిడ్డా, నాకు తెగలే. గందుకే నేనున్న" అనెను. ఆ మాట అర్థమగుటకు మాకు కొంత కాలము పట్టినది.

తెగినది పురుగు. నారికురుపునకు మూలమైన ఆడుపురుగు మూరకు పైబడి, ఒక్కొక్కప్పుడు రెండు మూరల పొడవు పెరుగును. లావు సేమియా పోగంత. త్రాగునీటిలో కంటికి కనబడీ కనబడని ఒక నీటిప్రాణి కలదు. దాని కడుపులో నారిపురుగు పిల్ల యుండును. ఆ నీరు త్రాగిన సుమారు ఏడాదికి పురుగు కాలి చర్మము క్రిందికి చేరి బొబ్బ లేపును. నిప్పు పెట్టినట్లు మంట. ఓర్వలేక కాలు నీట ముంచగానే బొబ్బ పగిలి, పురుగు వేలకొలది పిల్లలను నీటిలోనికి విడుచును. ఈ గుట్టును 1870 ప్రాంతమున రష్యా శాస్త్రజ్ఞుడు అలెక్సీ ఫెద్చెంకో తుర్కిస్తానమున గ్రహించెను. మన ఆయుర్వేద వైద్యులు స్నాయుకమనియు, అరబ్బు దేశపు వైద్యులు మదీనా పురుగనియు పిలిచినది దీనినే.

వానలు తక్కువైన ఈ మెట్ట నేలలకు దిగుడుబావి ప్రాణము. రాతి మెట్లు దిగి, నీటిలో నిలిచి కడవ ముంచుకొనెడివారు. కురుపు గల కాలు, త్రాగెడు నీరు అచ్చటనే కలిసెడివి. ఎండలు ముదిరి నీరు అడుగంటిన కొలది ముప్పు పెరిగెడిది. ఒకే ఇంట ఇద్దరు ముగ్గురు మంచము పట్టిన, సరిగా ఏరువాక వేళకు నాగలి పట్టువాడు ఉండెడివాడు కాడు.

అయినను పురుగు వలన నేరుగా ప్రాణము పోవుట అరుదు. ప్రాణము తీయునది అది తెరచిన ద్వారము. బయటికి వచ్చిన కొసను చిన్న పుల్లకు చుట్టి, దినమునకు అంగుళము చొప్పున, వారముల తరబడి లాగవలెను. తొందరపడి గుంజిన పురుగు లోపల తెగును. అప్పుడు కాలు ఏనుగు కాలై వాచును, చీము పట్టును, గజ్జలలో బిళ్ళ కట్టును. పుండుపై పూసిన మట్టి, పేడ మూలముగా ధనుర్వాతము వచ్చినవారును కలరు. చీము విషము నెత్తురున కెక్కెనా, చలితో కూడిన జ్వరము, ఆయాసము, మూత్రము తగ్గుట, తుదకు సంధి మాటలు. నేటి వైద్యులు దీనిని సెప్సిస్ అందురు. సూక్ష్మజీవులపై సాగించవలసిన పోరాటములో దేహము అదుపు తప్పి, తన అవయవములనే దెబ్బతీసికొనుట దీని స్వభావము. మా వృద్ధుని అన్న ఆ దారినే పోయెను. తమ్మునికి తల్లి నాలుగు నెలలు పుల్ల చుట్టినది. ఏ బడిలోను చదువని ఆ తల్లి ఓర్పును వైద్యమనుటకు మాకు సంకోచము లేదు.

బ్రతికినవారికిని కష్టము వెంటనే తీరెడిది కాదు. కొందరికి మోకాలు, చీలమండ బిగిసి జీవితాంతము కుంటు మిగిలినది. నెత్తురు విషమెక్కి లేచినవారికి నెలల తరబడి నీరసము, మరపు ఉండునని నేటి శాస్త్రము చెప్పుచున్నది. ఆనాడు ఇంటివారు దానిని సోమరితనమని తిట్టియుందురు కాబోలు!

పురుగును చంపు మందు నేటికిని లేదు; విషమును ఆపు మందులు మాత్రము వచ్చినవి. 1948లో అమెరికాలో లెడర్లే సంస్థ ఆరియోమైసిన్‌ను వెలువరించినది. టెట్రాసైక్లిన్ జాతికి అదియే మొదటిది. మట్టిలోని సూక్ష్మజీవి నుండి దానిని తీసినవాడు డగ్గర్. ఆ పరిశోధనలకు అధిపతి భీమవరమున జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావు. సోదరులిరువురిని స్ప్రూ వ్యాధికి కోల్పోయి, తానును దాని వాత పడి, ఆచంట లక్ష్మీపతిగారి చికిత్సతో లేచినవాడాయన. ఆ యేడాది ఆగస్టులోనే కన్నుమూసెను.

అసలు విజయము బావి గట్టున లభించినది. 1983–84లో భారతదేశము నారికురుపు నిర్మూలన కార్యక్రమము చేపట్టెను. నాటి ఆంధ్రప్రదేశ్ వ్యాధి యున్న ఏడు రాష్ట్రములలో ఒకటి. కార్యకర్తలు ఇల్లిల్లు తిరిగి రోగులను వెదకిరి, నీటిని గుడ్డతో వడగట్టుట నేర్పిరి, బావులలో మందు కలిపిరి, మెట్లు మూసి చేదబావులుగా మార్చిరి, చేతిపంపులు వేసిరి. దేశములో కడపటి రోగి 1996 జులైలో రాజస్థానమున కనబడెను. 2000 సంవత్సరమున ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశమును విముక్తమని ప్రకటించెను. 1986లో ప్రపంచమున 35 లక్షలుగా అంచనా వేసిన రోగులు ఇటీవలి సంవత్సరములలో ఏటికి ఇరువదికి లోపే.

అయితే నల్లగొండకు ఈ మార్పు ఉచితముగా రాలేదు. లోతు నేల నుండి తోడిన నీటిలో ఫ్లోరైడు ఎక్కువైనచోట పలువురి ఎముకలు వంగినవి. అది వేరొక ప్రసంగమునకు చాలిన కథ.

మేము వెళ్ళిన యూరి దిగుడుబావికి మెట్ల తలమీద ఇటుకగోడ కట్టియున్నది. లోపల తుమ్మచెట్టు మొలచినది. వృద్ధుడు ఆ గోడపై చేయి వేసి, తన తల్లి ఏ మెట్టుపై కడవ దించెడిదో చూపెను.