సలహా అనే మాటకు బరువెంత? 74వ అధికరణకు వ్యాఖ్యానం

రాష్ట్రపతి అనగానే మనవాళ్ల నోట ముందుగా వచ్చే మాట రబ్బరు స్టాంపు. ఆ మాట నాకెప్పుడూ మింగుడుపడలేదు. ఎందుకో చెప్పాలంటే రాజ్యాంగం 74వ అధికరణను పదం పదం పట్టుకుని చదవాలి. చాలా చిన్న అధికరణ. కానీ అందులోని ఒక్కో మాట వెనక ఒక్కో రాష్ట్రపతి కథ ఉంది.

రాష్ట్రపతి: తెలుగువారికి ఈ మాట దగ్గరే చిక్కు. మనకు రాష్ట్రమంటే ఆంధ్రప్రదేశ్, తెలంగాణ. సంస్కృతంలో రాష్ట్రమంటే దేశం. స్వాతంత్ర్యానికి ముందు కాంగ్రెస్ అధ్యక్షుణ్ణి కూడా రాష్ట్రపతి అనేవారు. 53వ అధికరణ కేంద్ర కార్యనిర్వాహక అధికారమంతా రాష్ట్రపతి చేతిలో పెట్టింది. అక్కడితో ఆపేస్తే చక్రవర్తి అనుకుంటాం. ఆ అధికారం నడిచే దారి 74లో ఉంది.

సహాయం, సలహా: ఇంట్లో పెద్దవాళ్లు సలహా చెబితే వింటే వింటాం, లేకపోతే లేదు. ఇక్కడ ఆ అర్థం తీసుకుంటే పొరపాటే. రాజేంద్ర ప్రసాద్ 1960 నవంబరులో ఈ సందేహాన్నే బహిరంగంగా లేవనెత్తారు: మంత్రుల సలహాకు రాష్ట్రపతి కట్టుబడే తీరాలని రాజ్యాంగంలో ఎక్కడుంది? అప్పటికి ఆ మాట నిజంగానే లేదు. 1974లో షంషేర్ సింగ్ కేసులో ఏడుగురు న్యాయమూర్తులు కట్టుబడాల్సిందేనన్నారు. 1976లో 42వ సవరణ ఆ సంగతిని అధికరణలోనే రాసేసింది.

మంత్రిమండలి: నా దృష్టిలో అన్నిటికన్నా విలువైన మాట ఇదే. సలహా ఇవ్వాల్సింది మండలి. ప్రధాని ఆ మండలికి అధిపతి, అంతేగానీ ప్రధాని ఒక్కరే మండలి కాదు. 1975 జూన్ 25 రాత్రి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ ముందుకు ఇందిరా గాంధీ రాసిన లేఖ వచ్చింది. మంత్రివర్గాన్ని పిలిచే వ్యవధి లేదనీ, తెల్లవారగానే వారికి చెబుతాననీ అందులో ఉంది. ఆ రాత్రే అత్యవసర పరిస్థితి ప్రకటన మీద రాష్ట్రపతి సంతకం పడింది. మంత్రులకు తెలిసింది మర్నాడు పొద్దున. 'మంత్రివర్గం కూర్చుందా?' అని ఆ రాత్రి ఒక్క ప్రశ్న అడిగి, జవాబు వచ్చేదాకా కలం పక్కన పెట్టి ఉంటే! ఈ సంగతి చదివినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. అది వీటో కాదు, తిరుగుబాటూ కాదు, ఆ మాటకు ఉన్న అర్థాన్ని గౌరవించడం మాత్రమే. 1978లో 44వ సవరణ ఈ పాఠాన్ని 352వ అధికరణలోకి ఎక్కించింది. కేబినెట్ నిర్ణయం రాతపూర్వకంగా చేరితే తప్ప రాష్ట్రపతి ఆ ప్రకటన చేయకూడదు.

ప్రధానమంత్రి అధిపతిగా: మరి ఆ ప్రధాని ఎవరో తేలనప్పుడు? సలహా చెప్పేవారు లేని ఆ కొద్ది రోజులే రాష్ట్రపతి సొంత వివేకానికి అసలు పరీక్ష. అనంతపురం జిల్లా ఇల్లూరులో పుట్టిన నీలం సంజీవరెడ్డికి ఆ పరీక్ష 1979లో ఎదురైంది. మొరార్జీ దేశాయ్ రాజీనామా చేశారు. చరణ్ సింగ్ జులై 28న ప్రమాణం చేశారు. కాంగ్రెస్ (ఐ) మద్దతు ఉపసంహరించడంతో లోక్‌సభలో ఒక్కసారి కూడా బలం నిరూపించుకోకుండానే ఆగస్టు 20న తప్పుకున్నారు. ఆయన ప్రభుత్వ సలహా మీదే 22న లోక్‌సభ రద్దయింది. జనతా నాయకుడిగా ఎన్నికైన జగ్జీవన్ రామ్ తనను పిలుస్తారని ఎదురుచూశారు. ఆయనకు ఆ పిలుపు అందలేదు. మన తెలుగు రాష్ట్రపతి మీద నాకు అభిమానం ఉన్నా, సభ విశ్వాసం పొందని మంత్రిమండలి మాట మీద సభనే రద్దు చేయడం సరికాదనే నా అభిప్రాయం.

పునఃపరిశీలన, ఒకసారి: ఇదీ 44వ సవరణ చేర్చిందే. సలహాను మళ్లీ చూడమని రాష్ట్రపతి తిప్పి పంపవచ్చు. అదే సలహా మళ్లీ వస్తే పాటించాలి. రబ్బరు స్టాంపుకు ఇలాంటి నోరు ఉండదు. 1997లో ఉత్తరప్రదేశ్‌లో రాష్ట్రపతి పాలన పెట్టాలని గుజ్రాల్ ప్రభుత్వం సిఫారసు చేసింది. కె.ఆర్. నారాయణన్ వెనక్కి పంపారు. ప్రభుత్వం పట్టుబట్టలేదు. మరుసటి ఏడాది బీహార్ విషయంలో వాజ్‌పేయి ప్రభుత్వానికీ అదే జరిగింది. ప్రధానులు వేరు, పార్టీలు వేరు, రాష్ట్రపతి అడిగింది మాత్రం ఒకటే.

బిల్లులకూ ఇలాంటి వెసులుబాటు 111వ అధికరణలో ఉంది. 2006 మేలో అబ్దుల్ కలాం లాభదాయక పదవుల బిల్లును తిప్పి పంపారు. పార్లమెంటు అలాగే మళ్లీ ఆమోదించింది. ఆగస్టులో ఆయన సంతకం చేశారు. ఓడిపోయారని కొందరన్నారు. నేనలా అనుకోను. తన అభ్యంతరాన్ని సభల ముందు పెట్టారు, చివరి మాట సభలకే వదిలారు.

దీనికి పూర్తిగా భిన్నం 1986 నాటి తపాలా సవరణ బిల్లు. ఉత్తరాలు విప్పి చూసే అధికారం ప్రభుత్వానికిచ్చే ఆ బిల్లును జైల్ సింగ్ ఆమోదించలేదు, తిప్పి పంపనూ లేదు, అలాగే ఉంచేశారు. జనం ఉత్తరాలకు అది మేలే చేసింది. పద్ధతి మాత్రం నాకు నచ్చదు. కారణం చెప్పి తిప్పి పంపిన బిల్లు మీద చర్చ జరుగుతుంది. బల్ల సొరుగులో ఉండిపోయిన బిల్లు మీద ఏం జరుగుతుంది? 111లో 'వీలైనంత త్వరగా' అనే ఉంది, గడువు లేదు. గవర్నర్లు తమకు నివేదించిన రాష్ట్రాల బిల్లులపై రాష్ట్రపతి మూడు నెలల్లో తేల్చాలని 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ధర్మాసనం ఒకటి చెప్పింది. నవంబరులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం కోర్టులు అలా గడువు పెట్టలేవని అభిప్రాయపడింది.

విచారించరాదు: ఇది 74లోని రెండో క్లాజు. మంత్రులు రాష్ట్రపతికి ఏం సలహా ఇచ్చారో కోర్టులు ఆరా తీయకూడదు. అయితే ఆ సలహాకు ఆధారమైన సమాచారాన్ని తెప్పించి చూడవచ్చని 1994లో బొమ్మై కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. సలహా మీద మూత ఉంది. దాని కింద ఉన్న కాగితాల మీద లేదు.