ఆకాశం ఫోటోకు ఎంత కెమెరా కావాలి?

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం రాయమని సంపాదకులు కోరారు. పెన్షనర్లు చరిత్ర రాస్తే అది సాధారణంగా పే రివిజన్ల చరిత్ర అవుతుంది. అది నాకంటే బాగా రాయగలవారు మన సంఘంలో చాలామంది ఉన్నారు కనుక నేను వేరే దారి పట్టాను. ఈమధ్య మన ఇళ్లలో ఒక కొత్త ఖర్చు తలెత్తింది. విశాఖలోనో హైదరాబాదులోనో ఉద్యోగాలు చేసుకుంటున్న పిల్లలు సెలవు దొరికితే అనంతగిరికో, అరకుకో, లంబసింగికో పోయి రాత్రిపూట చుక్కల ఫోటోలు తీస్తున్నారు. దానికి పెద్ద కెమెరా, పొడుగాటి లెన్సు కావాలంటున్నారు. మిత్రుడొకరు మనవడి ముచ్చట కోసం ఫిక్సెడ్ డిపాజిట్ గడువుకు ముందే తీసేయడానికి సిద్ధపడి, "ఏటండీ, మీకీ ఫోటోల గొడవ తెలుసు గదా, లక్షన్నర అవుద్దంటన్నాడు, పెట్టమంటారా?" అని అడిగారు. వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో చెప్పాలంటే 1868 నుంచి మొదలుపెట్టాలి.

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం నీడ మన తెలుగు గడ్డ మీదుగా, గుంటూరు, మచిలీపట్నం పక్కగా పోయింది. ఫ్రాన్సు నుంచి జాన్సెన్ గుంటూరు వచ్చాడు. ఆ గ్రహణం నాటి పరిశీలనలే తరువాత హీలియం ఆచూకీకి దారితీశాయని పుస్తకాల్లో చదువుకుంటాం. అదే గుంటూరులో మేజర్ టెనంట్ అనే ఇంజనీరు అధికారి ఫోటోలు తీయడానికి విడిది చేశాడు. ఇంగ్లండులో చేయించిన 9 అంగుళాల అద్దం దుర్భిణి తెచ్చుకున్నాడు. ఆనాటి ఫోటో అంటే రీలు కాదు. గాజు పలకకు కొలోడియన్ అనే జిగురు పూసి, వెండి లవణపు ద్రావణంలో ముంచి, తడి ఆరకముందే కెమెరాలో పెట్టి తీసి, తడి ఆరకముందే కడగాలి. అంటే దుర్భిణి పక్కనే చీకటి డేరా, సీసాలు, నీళ్లు, మనుషులు, ఇదంతా కలిపి ఒక చిన్న ఆఫీసు! సంపూర్ణ గ్రహణం ఉన్నది అయిదు నిమిషాల చిల్లర. ఆరు పలకలు తీశారు. తీరా ఆ సమయానికి సూర్యుడి మీద పల్చని మబ్బు అడ్డం వచ్చింది. బొమ్మలు పడ్డాయి గాని అనుకున్నంత వెలుతురు పలకకు అందలేదు. సరంజామా బరువుకీ మబ్బుకీ సంబంధం లేదని ఆ రోజే తేలింది.

మన వైపు సంగతి చూద్దాం. విజయనగరం జిల్లా 1979లో గదా ఏర్పడింది, అంతకుముందు గజపతినగరం విశాఖపట్నం జిల్లాలోదే. ఆ విశాఖపట్నంలో, ఇప్పుడు లాడ్జీలూ దుకాణాలూ కిటకిటలాడే డాబా గార్డెన్స్‌లో, 1840లో గోడే వెంకట జగ్గారావు గారు అనే జమీందారు సొంత డబ్బుతో వేధశాల కట్టించారు. ఆయన తరువాత దాన్ని నడిపినవారు అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారు. ఈయన డిప్యూటీ కలెక్టరుగా చేసినవారు, అంటే ఒక విధంగా మనవాడే. ఫైళ్లు చూసిన చేత్తోనే ఆయన 6 అంగుళాల కుక్ కంపెనీ దుర్భిణి తిప్పి 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటడాన్ని పరిశీలించి, ఆ లెక్కలు లండను ఖగోళ సంఘానికి పంపారు. ఊరికి టైము చెప్పే బాధ్యత, వాన, గాలి, ఎండ లెక్కలు రాసే పని కూడా ఆ వేధశాలదే. ఆకాశపు ఫోటోలకు సైతం అక్కడ ప్రయత్నాలు జరిగాయి. ఈ సంగతి విశాఖలో పది మందిని ఆపి అడిగితే ఒక్కరు కూడా చెప్పరు, అదొక బాధ.

ఇక ఈ కథకు అసలు మలుపు మన దేశంలో కాదు, దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో వచ్చింది. 1882లో పగలే కనిపించేంత పెద్ద తోకచుక్క వచ్చింది. అక్కడి వేధశాల అధిపతి డేవిడ్ గిల్ దగ్గర దాని ఫోటో తీసే సాధనం లేదు. ఆయన ఆ చుట్టుపక్కల ఫోటోలు తీసుకు బతికే అలిస్ అనే ఆయన్ని పిలిపించాడు. మనుషుల బొమ్మలు తీసే మామూలు కెమెరా అది. లెన్సు వ్యాసం రెండున్నర అంగుళాలు, నాభి దూరం 11 అంగుళాలు. ఆ కెమెరాని దుర్భిణి వీపున కట్టేశారు. భూమి తిరుగుడుకు అనుగుణంగా దుర్భిణి కదులుతుంటే కెమెరా కూడా కదిలింది. గంటకు పైగా తెరిచి ఉంచిన పలకలున్నాయి. అప్పటికి తడి పలకల బాధ పోయి పొడి పలకలు వచ్చేశాయి కనుక అది సాధ్యమైంది.

కడిగి చూస్తే తోకచుక్క సరే, దాని వెనక వందల చుక్కలు! తోకలోంచి కూడా కనిపిస్తున్నాయి. చుక్కల పటం చేత్తో గీయనక్కర్లేదు, ఫోటో తీస్తే చాలునని గిల్‌కి తోచింది. ఆ ఊపుతోనే 1887లో పారిస్‌లో సభ జరిగి, మొత్తం ఆకాశాన్ని ఫోటో తీయాలని, దేశానికింత అని పంచుకోవాలని తీర్మానించారు. ఒక స్టూడియో కెమెరా ఎంత పని చేసిందో చూడండి.

ఆ పంపకంలో ఒక వాటా తిరిగి తిరిగి తెలుగు దేశానికి వచ్చింది. నవాబు జఫర్ జంగ్ 1901లో హైదరాబాదులో వేధశాల పెట్టారు. తరువాత అది నిజాం ప్రభుత్వం చేతికి వచ్చి నిజామియా వేధశాల అయింది. ఖగోళ మధ్యరేఖకు దక్షిణంగా 17 నుంచి 23 డిగ్రీల దాకా ఉన్న పట్టీ, మొదట వేరే దేశానికిచ్చినా అక్కడ సాగక, వీరికి దఖలైంది. సాధనం మళ్లీ కుక్ కంపెనీదే, 8 అంగుళాల ఫోటో దుర్భిణి. 1914 ప్రాంతాల్లో పని మొదలైంది. 1918 నుంచి టి.పి. భాస్కరన్ గారు ఏళ్ల తరబడి నడిపించారు. ఒక్కో పలక మీద 5 మిల్లీమీటర్లకొక గీత చొప్పున గళ్లు అచ్చువేసి, ఏ గడిలో ఏ చుక్క ఎక్కడుందో మైక్రోస్కోపుతో కొలిచి, అంకెలు రిజిస్టర్లలోకి ఎక్కించి, సరిచూసి, పుస్తకాలుగా వేశారు. అది గుమాస్తా పని, నూటికి నూరుపాళ్లు! లక్షల చుక్కలు ఆ విధంగా పద్దులకెక్కాయి. ముప్పై ఏళ్లు లెడ్జర్లు రాసినవాడిగా నాకు ఆ వేధశాలలో దుర్భిణి తిప్పినవారికంటే, ఆ అంకెలు సరిచూసి ఇనీషియల్ పెట్టినవారి మీదే ఎక్కువ గౌరవం.

ఇక్కడ ఒక లెక్క చెప్పాలి, లెన్సు బేరమంతా దీనిమీదే ఆధారపడి ఉంది. పారిస్ ఒప్పందం ప్రకారం పలక మీద 1 మిల్లీమీటరు అంటే ఆకాశంలో 1 కళ, అంటే డిగ్రీలో అరవయ్యో వంతు. చంద్రుడి వెడల్పు సుమారు 30 కళలు కనుక ఆ పలక మీద చంద్రుడు 3 సెంటీమీటర్లు ఉంటాడు. మామూలు కెమెరాకు వచ్చే 50 మిల్లీమీటర్ల లెన్సుతో చంద్రుణ్ణి తీస్తే ఫిల్ము మీద పడే బొమ్మ అర మిల్లీమీటరు కూడా ఉండదు. లెన్సు మీద రాసిన నాభి దూరాన్ని 110తో భాగిస్తే చంద్రుడి బొమ్మ వ్యాసం వస్తుంది, సూర్యుడికీ అదే లెక్క. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి జపాల్-రంగాపూర్ వేధశాల మీదుగా పోయినప్పుడు దేశదేశాల శాస్త్రజ్ఞులు పెద్ద సాధనాలతో అక్కడ దిగారు. మా ఊళ్లో జనం తలుపులు వేసుక్కూర్చున్నారనుకోండి, అది వేరే కథ. ఆ గ్రహణానికి చిన్న లెన్సుతో ఫోటోలు తీసినవారికి సూర్యుడు ఆవగింజంత పడ్డాడు. చంద్రుడు, సూర్యుడు, గురుగ్రహం కావాలంటే పొడుగు లెన్సు తప్పదు, సూర్యుడికైతే దానికి తగిన ఫిల్టరు కూడా తప్పదు, ఫిల్టరు లేకుండా కెమెరా కన్నంలోంచి సూర్యుణ్ణి చూస్తే కన్ను పోతుంది. కాని మన పిల్లలు అరకు పోయేది గురుగ్రహం కోసం కాదు. పాలపుంత, తోకచుక్క, మృగశిర, వృశ్చికం కోసం. అవి పెద్దవి. వాటికి పొడుగు లెన్సు ఎందుకూ పనికిరాదు సరికదా, అడ్డు కూడా.

ఎందుకు అడ్డంటే, భూమి సెకనుకు 15 వికళలు తిరుగుతుంది. కెమెరా స్టాండు మీద కదలకుండా ఉంటుంది, చుక్కే జారుతుంది. లెన్సు పొడుగైన కొద్దీ ఆ జారుడు పెద్దదై చుక్క గీతవుతుంది. పాతవారి సూత్రం ఒకటుంది: 500ని నాభి దూరంతో భాగిస్తే అన్ని సెకన్లు తెరిచి ఉంచవచ్చు. 50 లెన్సుకు 10 సెకన్లు. ఇప్పుడు మామూలు డిజిటల్ కెమెరాల్లో ఫలకం చిన్నది కనుక నాభి దూరాన్ని ముందు ఒకటిన్నరతో గుణించుకోవాలి, అప్పుడు 6 సెకన్లే వస్తాయి. కెమెరాతో పాటు ఉచితంగా వచ్చే 18 లెన్సుకైతే 18 సెకన్లు. ఆ ఉచిత లెన్సును పిల్లలు చిన్నచూపు చూస్తారు, నా ఉద్దేశంలో పాలపుంతకు అదే మొదటి లెన్సు.

1997 మార్చి, ఏప్రిల్ నెలల్లో హేల్-బాప్ తోకచుక్క సాయంత్రం వాయవ్యాన వెలిగింది, చాలామందికి గుర్తుండే ఉంటుంది. మా ఆఫీసులో ఒకాయన దగ్గర రష్యా వారి జెనిట్ కెమెరా ఉండేది. బ్యాటరీ అక్కర్లేదు, అంతా ఇనుము, దానితో మేకు కొట్టవచ్చునని వేళాకోళం చేసేవాళ్లం. 58 లెన్సు, ఎఫ్ 2. షట్టరుకు బి అనే గుర్తు ఉండేది, నొక్కి ఉంచినంతసేపు తెరిచే ఉంటుంది. చేత్తో నొక్కితే కెమెరా అదురుతుంది కనుక తీగ తగిలించి నొక్కాలి. 400 రీలు వేసి మా డాబా మీద పెట్టి 20 సెకన్లు తెరిచాం. కరెంటు పోవడం ఆ రోజుల్లో మామూలే, ఆ చీకటి మాకు బాగా కలిసొచ్చింది. లెక్క ప్రకారం 20 సెకన్లు ఎక్కువే. కాని పోస్టుకార్డు సైజు ప్రింటు మీద ఆ జారుడు పావు మిల్లీమీటరు, కళ్లజోడు పెట్టుకున్నవారికి కూడా ఆనదు. చంపావతి ఒడ్డు తాటిచెట్ల పైన తోకచుక్క చక్కగా పడింది. అయితే రీలు కడగడానికి ఇచ్చిన స్టూడియోలో కుర్రాడు "ఏటీ లేదండి బాబూ, రీలంతా ఖాళీ" అని, ఫ్రేము ఎక్కడ మొదలైందో తెలియక, మంచి బొమ్మను నడిమికి కత్తిరించాడు. తరువాత ఆయన ప్రతి రీలుకీ మొదటి ఫోటో పగటిపూట ఇంటి గుమ్మం తీసేవారు, కత్తెరకు అదే కొలత.

ఇప్పుడు రీలూ లేదు, కత్తెరా లేదు. కాని పద్దు మాత్రం అలిస్ కెమెరా నాటిదే. ముందు స్టాండుకు ఖర్చు పెట్టాలి, కెమెరాకు కాదు. బస్సులో పట్టుకుపోయేంత తేలికగా ఉండాలి గాని ఘాటు గాలికి వణకకూడదు. మధ్య కొక్కేనికి సంచి వేలాడదీస్తే నిలబడుతుంది. కెమెరా పాతదైనా ఫర్వాలేదు, సెకండ్‌హ్యాండుది చాలు. షట్టరును చేత్తో నిర్ణయించుకునే వీలు, 1600 ఐ.ఎస్.ఓ. దాకా శుభ్రమైన బొమ్మ, ఇవి చూసుకోవాలి. ఉచిత లెన్సుకు తోడు 50 ఎఫ్ 1.8 లెన్సు ఒకటి, కంపెనీలన్నిటిలోనూ చవకైనది అదే. దాన్ని పూర్తిగా తెరవకుండా 2.8 దగ్గర పెడితే అంచుల్లో చుక్కలు పిట్టల్లా రెక్కలు విప్పకుండా ఉంటాయి. ఫోకసు యంత్రానికి వదిలేయకుండా, బాగా వెలిగే చుక్కను తెర మీద పెద్దది చేసి చూస్తూ చేత్తో తిప్పాలి. రెండు సెకన్ల టైమరు పెడితే తీగ కూడా అక్కర్లేదు. 2024 అక్టోబరులో పడమట వచ్చిన తోకచుక్కను కొందరు ఫోనుతోనే తీశారు గనుక, ఆ స్టాండు మీద ముందు చేతిలోని ఫోను బిగించి చూసి, ఆ తరువాతే కెమెరా మాట ఎత్తమని చెప్పినా తప్పులేదు. చుక్కలతో పాటు తిరిగే చిన్న యంత్రాలు ఇప్పుడు దొరుకుతున్నాయి. గిల్ దుర్భిణి వీపు చేసిన పనే అది చేస్తుంది. రెండు చలికాలాలు తీశాక కూడా సరదా తగ్గకపోతే అప్పుడు కొనవచ్చు.

జూన్ నుంచి అక్టోబరు దాకా మన వైపు ఆకాశం మీద ఆశ పెట్టుకోనక్కర్లేదు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం, కాని కొండల మీద లెన్సుకు మంచు పడుతుంది. పొడి తువ్వాలు లెన్సు చుట్టూ చుట్టి ముందుభాగం మాత్రం వదిలేస్తే కొంత ఆగుతుంది. చలికి బ్యాటరీ తొందరగా దిగుతుంది, రెండోది లోపలి జేబులో ఉంచుకోవాలి. తాటిపూడి జలాశయం వైపు రోడ్డు దీపాలు తక్కువ, మనకు దగ్గర కూడా. నిండు అమావాస్యే కానక్కర్లేదు, పంచాంగంలో చంద్రోదయ సమయం చూసుకుంటే చాలు.

కొండెక్కలేనివారికి మే నెల మొదటివారం ఉంది. రాత్రి పది గంటలకు త్రిశంకు నక్షత్రాలు సరిగ్గా దక్షిణాన, దిగంతానికి 12 డిగ్రీల పైన నిలబడతాయి. కేప్‌టౌన్‌లో గిల్‌కి నడినెత్తి వైపు కనిపించినవి మనకు నీళ్లకు ఆనుకుని కనిపిస్తాయి. మన చంపావతి సముద్రంలో కలిసే కోనాడ దగ్గర ఇసుకలో స్టాండు పాతి, 50 లెన్సును నిలువుగా తిప్పి పెడితే కింద సముద్రం, వేటపడవల దీపాలు, పైన త్రిశంకు, మూడూ ఒకే ఫ్రేములో పడతాయి. 6 సెకన్లు చాలు.