రాతినార లెక్క

ఆస్బెస్టాస్‌కు తెలుగులో చక్కటి పేరుంది: రాతినార. చూడటానికి రాయే, గోటితో గీరితే తెల్లటి పోగులుగా విడిపోతుంది. నిప్పులో వేసినా కాలదు. కడప జిల్లా పులివెందుల చుట్టుపక్కల నేలలో ఇది దొరికింది. వేంపల్లె డోలమైటు పొరల్లోకి ఒకనాడు కరిగిన నల్లరాయి చొచ్చుకొచ్చింది. ఆ వేడికి మారిన పచ్చరాయి పగుళ్లలో నార పేరుకుంది. 1934లో కౌల్సన్ అనే భూగర్భ శాస్త్రవేత్త దీనిపై ప్రభుత్వం తరఫున ఒక గ్రంథమే రాశాడు. 1928 నంద్యాల సభలో రాయలసీమ అని పేరు పెట్టుకుని ఆరేళ్లయినా, ఆయన పుస్తకం మీద మన జిల్లాల పేరు ఇంకా దత్తమండలాలే.

వాన మొహం చాటేస్తే సీమలో చేను చేతికి రాదు, కూలికి గనే గతి. నార కోసం రాయిని కొడితే దుమ్ము లేస్తుంది. కంటికి కనబడని పోగులు ఊపిరితిత్తుల్లో దిగి అక్కడే ఉండిపోతాయి. జబ్బు బయటపడేది చాలామందిలో ఇరవై, నలభై ఏళ్లకు. ముందు పొడిదగ్గు, తర్వాత ఆయాసం. పల్లెలో మొదట అనుమానించేది టీబీనే.

చట్టం లేక కాదు. 1923 నాటి పరిహార చట్టం ఈ జబ్బును వృత్తి వ్యాధిగా ఒప్పుకుంది. అయితే పని మానిన రెండేళ్లలోపు లక్షణాలు కనబడాలన్నట్టుగా దాని లెక్క. జబ్బేమో ఇరవై ఏళ్లు ఆగి వస్తుంది!

ఈ తేడాను సుప్రీంకోర్టు పట్టించుకుంది. అహ్మదాబాద్ వినియోగదారుల సంస్థ వేసిన పిటిషన్‌పై 1995 జనవరి 27న తీర్పు వచ్చింది. రాసింది జస్టిస్ కె. రామస్వామి. కార్మికుడి ఆరోగ్యం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమన్నారు. గుజరాత్ కార్మికులను మళ్లీ పరీక్షించి, జబ్బు తేలినవారికి లక్ష రూపాయలివ్వాలన్నారు. ప్రతి కార్మికుడి ఆరోగ్య రికార్డును చేరిన నాటి నుంచి 40 ఏళ్లు, లేదా మానేశాక 15 ఏళ్లు, ఏది ఎక్కువైతే అంతకాలం దాచాలన్నారు.

అప్పటికే కేంద్రం 1986లో కొత్త గని లీజులు ఆపింది, 1993లో పాతవాటి రెన్యూవల్ ఆపింది. దిగుమతి మాత్రం ఆగలేదు. రేకుల కంపెనీలకు విదేశీ నార వస్తూనే ఉంది.

గని మూతపడ్డాక కూలీల హాజరు రాసిన మస్టరు రోలు ఎవరింట్లో ఉంటుంది? దినకూలీ పేరు అసలు ఎక్కిందా? పోరాటం కోర్టులో కంటే ముందు కాగితం దగ్గర మొదలవుతుంది. 1987 చట్టం ప్రకారం మహిళలకు, దళిత గిరిజనులకు, పారిశ్రామిక కార్మికులకు ఉచిత న్యాయ సహాయం హక్కు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో వకీలు ఫీజు అక్కర్లేదు. కానీ పాత కూలి చీటీ, తోటి కూలీల సాక్ష్యం, ఎక్స్‌రే ఫిల్ము చేతిలో ఉండాలి. పరిహారం అడిగే గడువు దాటినా, తగిన కారణం చూపితే దాన్ని తేల్చే అధికారి మన్నించవచ్చు.

గనులు పాతకథ అంటాం. 1993లో రాతినార గనిలో దిగిన కుర్రాడికి, రికార్డు దాచాల్సిన ఆ నలభై ఏళ్లు 2033కి గాని నిండవు.