రాజధానికి మన ఊరు ఏమిచ్చింది?

ఒక ఊరు ఎట్లా పెరిగిందంటే చరిత్ర పుస్తకం రాజు పేరు చెప్తుంది. నా విద్యార్థులను నేను అడగమనేది వేరే ప్రశ్న: ఆ ఊరి నుంచి రాజధాని ఏం తీసుకుపోయింది? ఆ మూట ఎవరి నెత్తిన పెట్టింది? 2016 అక్టోబర్ 11న పాత వరంగల్ జిల్లా నుంచి విడివడిన జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లిలను ఈ ప్రశ్నతో చదువుదాం.

మొదట నీళ్లు. ఓరుగల్లు పక్కన పెద్ద నది లేదు. కోటకు, సైన్యానికి తిండి కావాలంటే మెట్ట మాగాణి కావాలి. కాకతీయుల కాలంలో భూపాలపల్లి వైపు గణపురంలో గణపసముద్రం వెలిసింది. మహబూబాబాద్ వైపు బయ్యారంలో గణపతిదేవుని సోదరి మైలమ చెరువు తవ్వించింది. చెరువుల కింద ఊళ్లు, గుళ్లు పెరిగాయి. బయ్యారం శాసనంలో కాకతీయుల వంశావళి ఉంది. తట్టలతో మట్టి మోసినవాళ్ల వంశం లేదు. తర్వాతి కాలంలో తూము కాసి పొలాలకు నీళ్లు పంచిన నీరటి చాలా ఊళ్లలో మన వాడ మనిషే. తడిసిన పొలం మాత్రం మనది కాదు.

తర్వాత రైలు. రాజధాని హైదరాబాద్ అయింది. నిజాం రైలు 1886లో వరంగల్ చేరి, 1889 కల్లా బెజవాడను కలిపింది. డోర్నకల్ దగ్గర చీలిన పాయ ఇల్లందు బొగ్గు కోసం. జనగామ, మానుకోట స్టేషన్ల చుట్టూ బజార్లు లేచాయి. పట్టాలకు దూరంగా ఉన్న పల్లెల్లో రాజధాని అంటే దేశ్‌ముఖే. శిస్తు, లెవీ ధాన్యం, వెట్టి అన్నీ ఆ గడీ గుండానే. 1946 జూలై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమురయ్య నేలకొరిగాడు.

అయితే దారి వేసినవాడి ఉద్దేశం ఒకటి, నడిచినవాళ్ల ఉద్దేశం ఒకటి. బొగ్గు కోసం పుట్టిన డోర్నకల్ జంక్షన్‌కే 1912లో వి.ఎస్. అజరయ్య బిషప్‌గా వచ్చారు. ఆ డయాసిస్‌లో వేలాది మాల, మాదిగ కుటుంబాలు క్రైస్తవంలోకి నడిచాయి, బడి గడప తొక్కాయి. నిజాం లెక్కల్లో ఈ సరుకు లేదు.

ఇప్పుడు బొగ్గు, కరెంటు. భూపాలపల్లిని పట్టణం చేసింది సింగరేణి. చెల్పూరులో కాకతీయ థర్మల్ కేంద్రం సామర్థ్యం 1,100 మెగావాట్లు. చెల్పూరు ఏ మండలం? గణపురమే! ఒకప్పుడు ఓరుగల్లు కోసం నీళ్లు నిలిపిన నేల మీదే ఇవాళ హైదరాబాద్‌ను కూడా వెలిగించే కరెంటు పుడుతోంది. వెలుగు గ్రిడ్‌లో పోతుంది, బూడిద ఇక్కడే పడుతుంది.

జిల్లా కేంద్రాలయ్యాక రాజధాని ఇక్కడ చూస్తున్నది భూమి కోసం. కలెక్టరేట్ పక్కన, హైవే పక్కన ప్లాట్ల రాళ్లు పాతుతున్నారు. ఆ రాళ్ల కింద ఎవరి అసైన్డ్ పట్టా ఉందో చూడండి. 1977 చట్టం ప్రకారం భూమిలేని పేదకు ఇచ్చిన అసైన్డ్ భూమి అమ్మకం చెల్లదు. తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, శాసనంలో మన పేరు లేదని బాధపడింది చాలు. ఈ సెలవుల్లో మీ ఊరి పాత పహాణీలు తీయించండి. వాటిలో మన పేరుంది.

జై భీమ్.